రోమా విద్యార్థినికి మానవ హక్కుల ఇంటర్న్‌షిప్పు: యూరప్‌లో ఎక్కడ, ఎలా?

తుంగభద్ర | 2025 ఫిబ్రవరి 11

అందరికీ నమస్కారం. నేను బుడాపెస్ట్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాను. ఇది వీసా సందేహం కాదు, అద్దె ఇంటి సందేహం కాదు. ఎక్కడ పెట్టాలో తెలియక "చదువులు" విభాగంలో పెడుతున్నాను.

మా ఆఫీసు శుభ్రం చేసే ఆవిడ కూతురు మిష్కోల్త్స్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం నాలుగో సంవత్సరం చదువుతోంది. ఇక్కడ లా అయిదేళ్ల చదువు. వాళ్లు రోమాలు, అంటే జిప్సీలని పిలుస్తూ వచ్చిన జనం. సొంత ఊరు బోర్షోద్ ప్రాంతంలో ఒక పల్లె. ఆ ఇంట్లో విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటి మనిషి ఈ అమ్మాయే. వచ్చే వేసవిలో మానవ హక్కుల సంస్థ ఏదైనా చేర్చుకుంటే పని నేర్చుకోవాలని ఆశ. ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది, మాట్లాడాలంటే జంకు. ప్రతి వేసవీ ఒక గోదాములో పెట్టెలు సర్దే పనికి వెళ్తుంది. జీతం లేని ఇంటర్న్‌షిప్పు అంటే ఆ సంపాదన పోతుంది, పైగా బుడాపెస్ట్‌లో గది అద్దె కట్టాలి.

ఈ పట్టుదల ఎక్కడిది అని అడిగాను. ఆమె అన్నకు ఆరేళ్ల వయసులో ఏదో పరీక్ష పెట్టి "స్వల్ప మానసిక వైకల్యం" అని రాసి ప్రత్యేక బడిలో వేశారట. ఆ అన్న ఇప్పుడు లారీ ఇంజన్లు విప్పి బిగిస్తాడు. అతని బడి కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో దాచి పెట్టుకుంది. నాకు చూపించింది.

ఇంకొక చిక్కు ఉంది. ఒక దరఖాస్తులో "మీరు రోమా సముదాయానికి చెందినవారా?" అన్న గడి ఉంది. కూతురు టిక్కు పెట్టింది. తల్లి ఆ కాగితం లాక్కుని, వేరే కాగితం మీద మళ్లీ రాయమంది, ఈసారి గడి ఖాళీగా వదిలి. ఇద్దరూ నా ముందే వాదులాడుకున్నారు. నేను ఏమీ చెప్పలేకపోయాను.

డబ్బు వచ్చే దారులేమిటి, ఏ సంస్థ మంచిది, ఆ గడి సంగతి ఏమిటి? తెలిసినవారు చెప్పండి.

రేపటి ఇంజనీరు | 2025 ఫిబ్రవరి 11

మేడమ్, నేను హైదరాబాద్‌లో బి.టెక్ మూడో సంవత్సరం. హంగేరీలో స్కాలర్‌షిప్పు అంటున్నారు కదా, నేను కూడా దరఖాస్తు చేయవచ్చా? 68 శాతం ఉంది.

తుంగభద్ర | 2025 ఫిబ్రవరి 11

మీరు చూడవలసింది స్టైపెండియం హంగేరికం, బాబూ. అది హంగేరీ ప్రభుత్వం విదేశీ విద్యార్థులకు ఇచ్చేది, భారతీయులకూ ఉంది. దాని కోసం వేరే చర్చ ఉంది, అక్కడ అడగండి. ఇది రోమా విద్యార్థుల సంగతి.

వియన్నా వాసి | 2025 ఫిబ్రవరి 12

తుంగభద్ర గారూ, మానవ హక్కుల చట్టంలో పరిశోధన చేస్తున్నాను, ఈ సంస్థల వాళ్లతో రోజూ పని. కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు స్కాలర్‌షిప్పును, ఇంటర్న్‌షిప్పును విడదీయండి. ఒకటి ఫీజు కట్టి పుస్తకాలు కొనిపెడుతుంది. రెండోది ఆమెను ఒక కేసు పక్కన కూర్చోబెడుతుంది. రోమా విద్యార్థులకు మొదటిది ఇచ్చేవాళ్లు కొంతమంది ఉన్నారు. రెండోది, అదీ జీతంతో, ఇచ్చేవాళ్లు బాగా తక్కువ.

చదువు డబ్బు విషయంలో పెద్ద పేరు రోమా ఎడ్యుకేషన్ ఫండ్. 2005లో, "రోమా సమ్మిళిత దశాబ్దం" అని మధ్య, తూర్పు యూరప్ ప్రభుత్వాలు ప్రకటించిన కాలంలో పుట్టింది. వేల మంది కాలేజీ పిల్లలకు సాయం చేసింది. లా, మానవీయ శాస్త్రాల వారికి ప్రత్యేక పథకం ఉండేది, సొంత దేశం వదిలి చదివేవారికి ఇంకొకటి. పథకాల పేర్లు మారుతూ ఉంటాయి కాబట్టి ఆ ఏటి ప్రకటనే చూడమనండి. బుడాపెస్ట్‌లో రోమావెర్సితాష్ ఉంది, రోమా విశ్వవిద్యాలయ విద్యార్థుల కోసమే పనిచేస్తుంది. నెలసరి సాయం కన్నా అక్కడ దొరికే ఇంగ్లిష్ శిక్షణ, తోటివాళ్ల తోడు ఎక్కువ విలువైనవని నా అభిప్రాయం. మిష్కోల్త్స్‌లోనే గ్రీకు కేథలిక్ చర్చి నడిపే రోమా విద్యార్థుల వసతి గృహం ఉంది, 2011 నుంచి. మన సంక్షేమ హాస్టల్‌కు చదువు చెప్పే మాస్టార్లు కూడా తోడైతే ఎలా ఉంటుందో అలా. ఆమెకు ఈపాటికే తెలిసి ఉండాలి, ఒకసారి అడగండి.

డిగ్రీ అయ్యాక అయితే సెంట్రల్ యూరోపియన్ యూనివర్సిటీలో రోమా పట్టభద్రులను మాస్టర్స్‌కు సిద్ధం చేసే ఏడాది కోర్సు. ఆ ప్రయత్నం 2004లో మొదలైంది. ఖర్చులు వాళ్లవే, ఇంగ్లిష్ మీద గట్టిగా పని చేయిస్తారు. 2017లో హంగేరీ ప్రభుత్వం తెచ్చిన చట్టం పుణ్యాన ఆ విశ్వవిద్యాలయం వియన్నాకు తరలి వచ్చింది. మిష్కోల్త్స్ అమ్మాయికి అది పెద్ద దూరమేమీ కాదు, రైలు ఉంది.

ఇంటర్న్‌షిప్పు అంటే మొదట యూరోపియన్ రోమా రైట్స్ సెంటర్. 1996లో బుడాపెస్ట్‌లో పుట్టింది, ఇప్పుడు ముఖ్య కార్యాలయం బ్రస్సెల్స్. కోర్టుల్లో కేసులు వేయడమే వాళ్ల వృత్తి. తొలి రోజుల్లో రోమా న్యాయ విద్యార్థులకు స్కాలర్‌షిప్పులూ ఇచ్చేవారు, బుడాపెస్ట్ కార్యాలయంలో ఇంటర్న్‌షిప్పులూ ఇచ్చేవారు. బుడాపెస్ట్‌లోనే ఉండాలంటే హంగేరియన్ హెల్సింకీ కమిటీ, ఇంకా టాస్ అని పిలిచే పౌర హక్కుల సంఘం. ఈ రెండింట్లో పని అంతా హంగేరియన్‌లోనే. ఇంగ్లిష్ జంకు ఉన్న పిల్లకు మొదటి మెట్టుగా ఇవే నయం.

ఒక హెచ్చరిక. "ఇంటర్న్‌షిప్పు" పేరుతో ఫోటోలకు నిలబెట్టే చోట్లు కూడా ఉన్నాయి. కరపత్రం మీద నవ్వుతున్న రోమా విద్యార్థి బొమ్మ కావాలి, పని మాత్రం కుర్చీలు సర్దడం, సభకు వచ్చినవాళ్ల సంతకాలు తీసుకోవడం. చేరే ముందే ఒక్క ప్రశ్న అడగమనండి: "నేను ఏ ఫైలు చదువుతాను?" ఎదుటివాళ్లు నీళ్లు నమిలితే ఆ చోటు వద్దు.

కోర్టు పక్షి | 2025 ఫిబ్రవరి 12

హైదరాబాద్‌లో వకీలును. "ఏ ఫైలు చదువుతాను" అన్న మాట నాకు బాగా నచ్చింది. ఆ అన్నగారి కథ విన్నాక ఒక కేసు చెప్పకుండా ఉండలేను. ఆ అమ్మాయికి తెలిసే ఉంటుంది, ఇక్కడి మనవాళ్ల కోసం రాస్తున్నాను.

డి.హెచ్. తదితరులు వర్సెస్ చెక్ రిపబ్లిక్. ఒస్త్రావా అనే బొగ్గు గనుల నగరం. 18 మంది రోమా పిల్లలను మందబుద్ధి పిల్లల కోసం పెట్టిన ప్రత్యేక బడుల్లో వేశారు. తల్లిదండ్రులు సంతకం పెట్టారు, మనస్తత్వ నిపుణులు పరీక్ష చేశారు, చట్టం ఎక్కడా "రోమా" అని అనలేదు. కాగితం మీద అంతా సక్రమం. ఇలాంటి కేసు ఎలా గెలుస్తారు? ఫలానా అధికారి ద్వేషంతో చేశాడని రుజువు చేయలేరు.

పిల్లల తరఫువాళ్లు లెక్కలు తీశారు. 1999లో ఒస్త్రావాలోని 8 ప్రత్యేక బడులకు, 69 మామూలు ప్రాథమిక బడులకు ప్రశ్నావళి పంపి ప్రధానోపాధ్యాయుల నుంచి జవాబులు రాబట్టారు. ఆ నగరం ప్రాథమిక బడి పిల్లల్లో రోమాలు 2.26 శాతం. ప్రత్యేక బడుల్లో మాత్రం 56 శాతం. రోమా పిల్లల్లో సగానికి పైగా, 50.3 శాతం, ప్రత్యేక బడుల్లో ఉన్నారు. మిగతా పిల్లల్లో 1.8 శాతం. అంటే రోమా బిడ్డగా పుడితే ఆ బడిలో పడే అవకాశం 27 రెట్లకు పైగా ఎక్కువ.

చెక్ రాజ్యాంగ న్యాయస్థానం 1999లో కొట్టేసింది. స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానంలో 2006 ఫిబ్రవరిలో మొదటి ధర్మాసనం ముందు కూడా ఓడిపోయారు. 2007 నవంబర్ 13న విస్తృత ధర్మాసనం 13-4 తేడాతో ఆ తీర్పును తిరగరాసింది. చట్టం పైకి అందరికీ ఒకటే అయినా ఫలితం ఒక జాతి పిల్లల నెత్తిన పడితే అది వివక్షే, దాన్ని రుజువు చేయడానికి గణాంకాలు పనికొస్తాయి అంది. తల్లిదండ్రుల సంతకం మాటకూ జవాబు చెప్పింది: జాతి వివక్షకు గురికాకుండా ఉండే హక్కును ఎవరూ సంతకం పెట్టి వదులుకోలేరు. ఆ పేరా మొదటిసారి చదివిన రోజు నాకు బాగా గుర్తు.

ఒక్కొక్కరికి 4,000 యూరోలు పరిహారం. అప్పటికి ఆ పిల్లలు పెద్దవాళ్లైపోయారు, అది వేరే సంగతి.

నేను చెప్పదలచింది ఏమిటంటే, ఆ కేసు నిలబడింది ప్రశ్నావళులు పంపి, జవాబులు పోగేసి, పట్టికలు కట్టిన చాకిరీ మీద. ఇంటర్న్‌షిప్పులో నేర్చుకోవలసింది అదే. ఉపన్యాసాలు తరువాత నేర్చుకోవచ్చు.

వియన్నా వాసి | 2025 ఫిబ్రవరి 12

పక్షి గారూ, ఆ అన్న కథకు ఇంకా దగ్గరి కేసు ఉంది. హార్వాత్, కిష్ వర్సెస్ హంగేరీ, 2013 జనవరి 29 తీర్పు. నీరెద్‌హాజా నగరానికి చెందిన ఇద్దరు రోమా యువకులు. చిన్నప్పుడు పాతబడిన బుద్ధి పరీక్షలతో వైకల్యం అని తేల్చి ప్రత్యేక బడికి పంపారు. ఇద్దరూ గెలిచారు. ఆ అమ్మాయి ప్లాస్టిక్ సంచిలోని కాగితాలు ఈ తీర్పు పక్కన పెట్టుకుని చదివితే ఆమెకు ఒక ఇంటర్న్‌షిప్పు అక్కడే సగం అయిపోతుంది.

నిక్కచ్చి | 2025 ఫిబ్రవరి 13

నా మాట ఎవరికీ నచ్చదని తెలిసే రాస్తున్నాను. పేదరికం చూసి ఇవ్వండి, ఎవరూ కాదనరు. జాతి చూసి ఇవ్వడం ఏమిటి? రోమా కాని పేద హంగేరియన్ పిల్ల ఆ గోదాములోనే పక్కన పెట్టెలు సర్దుతోంది కదా, ఆమె ఏమి పాపం చేసింది? ఇంకొకటి, నేను రోమా అని ఎవరైనా రాసుకోవచ్చు. ధ్రువీకరణ పత్రం లేదు, ఎమ్మార్వో లేడు. దొంగ దరఖాస్తులు రావా?

మూసీ | 2025 ఫిబ్రవరి 13

నిక్కచ్చి గారూ, పక్కన పెట్టెలు సర్దే ఆ పిల్లను ఆరేళ్లప్పుడు జాతి చూసి మందబుద్ధి బడికి పంపలేదు. పక్షి గారి లెక్క మళ్లీ ఒకసారి చదవండి, 50.3 ఎక్కడ, 1.8 ఎక్కడ. దెబ్బ జాతి చూసి కొట్టినప్పుడు మందు మాత్రం జాతి చూడకుండా రాయమంటే ఎలా?

నేను ఎస్టీ హాస్టల్లో చదివాను. ఈ ప్రశ్న చిన్నప్పటి నుంచి వింటున్నదే, కోపం కూడా రావడం లేదు.

నిక్కచ్చి | 2025 ఫిబ్రవరి 13

వాదన బాగుంది. రెండో ప్రశ్నకు జవాబు రాలేదు.

వియన్నా వాసి | 2025 ఫిబ్రవరి 13

దానికి దేశానికొక పద్ధతి. రొమేనియాలో విశ్వవిద్యాలయాల్లో రోమాలకు ప్రత్యేక సీట్లు ఉన్నాయి. 1992లో బుకారెస్ట్ విశ్వవిద్యాలయంలో సామాజిక సేవ చదువుతో మొదలై, తరువాత మిగతా చోట్లకూ హైస్కూళ్లకూ పాకింది. అక్కడ ఏదైనా రోమా సంఘం నుంచి "ఈ విద్యార్థి మావాడే" అని ఉత్తరం తేవాలి. అంటే ఎమ్మార్వో పని సంఘం చేస్తుంది. ఇందులో ఉన్న తంటా మనవాళ్లకు వివరించనక్కరలేదు. ఉత్తరం ఇచ్చే చేతిలో అధికారం పెరుగుతుంది, సంఘం పెద్దలకు దూరపు ఊరి పిల్లవాడు ఉత్తరం కోసం తిరగాలి.

హంగేరీలో విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో రోమాలకు కోటా లేదు. వెనుకబడిన కుటుంబాల పిల్లలకు అదనపు మార్కులు ఉన్నాయి, నిక్కచ్చి గారు కోరిన పద్ధతి అదే. రోమా ఫౌండేషన్లు మాత్రం సాధారణంగా స్వీయ ప్రకటనే అడుగుతాయి. దొంగలు వస్తారా అంటే, ఇంటర్వ్యూ ఉంటుంది, సిఫారసు లేఖలు ఉంటాయి. అయినా అసలు ఇబ్బంది అటువైపు నుంచి కాదు. రోమా కానివాడు రోమా అని రాసుకోవడం కన్నా, రోమాలు అయి ఉండి రాయకపోవడం ఎన్నో రెట్లు ఎక్కువ.

తుంగభద్ర గారూ, ఆ తల్లి భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. నాజీ కాలంలో జిప్సీల జాబితాలు కట్టినవాళ్లు మొదట గుమాస్తాలే, తరువాత వచ్చింది బిర్కెనౌ మృత్యు శిబిరం. 1944 ఆగస్టు 2 రాత్రి అక్కడి రోమా శిబిరంలో మిగిలిన వేల మందిని చంపేశారు. అందుకే ఏటా ఆగస్టు 2 వాళ్లకు స్మారక దినం. పాత సంగతి అనుకుంటే, 2013లో స్వీడన్ దక్షిణాన స్కోనే ప్రాంతపు పోలీసుల దగ్గర నాలుగు వేల మందికి పైగా రోమాల పేర్లతో అక్రమ పట్టిక బయటపడింది. చిన్న పిల్లల పేర్లు కూడా ఉన్నాయి. నేరం చేసినందుకు కాదు, ఫలానా వాళ్ల బంధువులైనందుకు. స్వీడన్ తరువాత పరిహారం కట్టింది.

కాబట్టి ఆ గడి సర్కారు కాగితం మీదా, ఫౌండేషన్ కాగితం మీదా అన్నది మొదట చూడండి. యూరప్ చట్టం ప్రకారం జాతి వివరం సున్నితమైన సమాచారం, అడిగినవాళ్లు ఎందుకు అడుగుతున్నారో, ఎన్నాళ్లు ఉంచుతారో చెప్పాలి. రోమాల కోసమే పెట్టిన పథకంలో టిక్కు పెట్టక తప్పదు. మిగతా చోట్ల పెట్టాలా వద్దా అన్నది ఆ అమ్మాయి ఇష్టం. తల్లి ఇష్టమూ కాదు, మన ఇష్టమూ కాదు.

మెట్టవలస మాస్టారు | 2025 ఫిబ్రవరి 14

అమ్మా తుంగభద్రా, మంచి పని తలకెత్తుకున్నావు. విశ్రాంత ఉపాధ్యాయుడిని, ఒక సందేహం. రోమాలు మన దేశం నుంచి వెళ్లినవాళ్లే అంటారు. మన లంబాడీలే అక్కడికి వెళ్లి రోమాలు అయ్యారని చిన్నప్పుడు ఎవరో చెప్పగా విన్నాను. నిజమేనా?

మూసీ | 2025 ఫిబ్రవరి 14

మాస్టారూ, మేము లంబాడీలమే కాబట్టి నేనే చెబుతాను. రోమాల పూర్వీకులు ఉత్తర భారతం నుంచి సుమారు వెయ్యేళ్ల క్రితం బయలుదేరి పర్షియా, ఆర్మేనియా మీదుగా బైజాంటియం చేరారని భాషా పరిశోధకుల మాట. మా గోర్ బోలీ రాజస్థానీ వర్గపు భాష. రెండూ ఇండో ఆర్యన్ కుటుంబమే, అంతవరకు దూరపు చుట్టరికం. మేము వాళ్లం, వాళ్లు మేము అన్నది పండుగ సభల్లో చెప్పుకొనే మాట.

భారతంతో వాళ్లకు ఉన్న అనుబంధం మాత్రం అబద్ధం కాదు. 1971 ఏప్రిల్ 8న లండన్ దగ్గర జరిగిన మొదటి ప్రపంచ రోమా మహాసభలో వాళ్ల జెండా మీద ఎర్ర చక్రం పెట్టుకున్నారు. ఆ సభకు మన దౌత్యాధికారి వీర్ రాజేంద్ర రిషి వెళ్లారు. తరువాత చండీగఢ్‌లో రోమా అధ్యయన సంస్థ పెట్టారు.

వియన్నా వాసి | 2025 ఫిబ్రవరి 14

దీనికి ఇంకొక తోక, మాస్టారికి నచ్చుతుంది. హంగేరీ దక్షిణాన పేచ్ నగరంలో 1994లో రోమా పిల్లల కోసం పెట్టిన హైస్కూలు పేరు గాంధీ. ఇటు ఈ అమ్మాయి వాళ్ల బోర్షోద్‌లోనే షాయోకాజా అనే పల్లెలో 2007లో పెట్టిన బడి పేరు డాక్టర్ అంబేడ్కర్. దాన్ని నడిపే సంఘం పేరు జై భీమ్. రోమాలు, రోమా కాని తోటివారు కలిసి పెట్టుకున్న బౌద్ధ సంఘం అది. అంబేడ్కర్ గురించి చదివి, మహారాష్ట్ర వెళ్లి అక్కడి బౌద్ధులను కలిసి వచ్చి మొదలుపెట్టారు. మధ్యలో బడి మానేసిన పెద్ద పిల్లలను మళ్లీ కూర్చోబెట్టి పన్నెండో తరగతి చివర రాసే పరీక్ష దాటించడం అక్కడి ముఖ్యమైన పని.

తుంగభద్ర | 2025 ఫిబ్రవరి 14

"మీరు ఇండియా వాళ్లు, మీకు తెలిసి ఉంటుంది" అని ఆ తల్లి నాతో ఎందుకు అందో ఇప్పుడు అర్థమైంది. షాయోకాజా వాళ్ల పక్క ఊరే అట. ఆ అమ్మాయి చిన్నమ్మ ఆ బడిలోనే చదివి పరీక్ష రాసిందట. నేను కర్నూలు మనిషిని, అంబేడ్కర్ బొమ్మ లేని ఊరు చూడలేదు. హంగేరీ పల్లెలో ఉంటుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

బ్రస్సెల్స్ బాబాయి | 2025 ఫిబ్రవరి 15

ఆలస్యంగా వచ్చాను. వాదనలు అయిపోయాయి కాబట్టి డబ్బు సంగతి మాట్లాడదాం.

జీతం లేని ఇంటర్న్‌షిప్పు పెద్దింటి పిల్లల వ్యవహారం. బ్రస్సెల్స్‌లో గది అద్దె వింటేనే బోర్షోద్ పిల్ల వెనక్కి తిరుగుతుంది. అందుకని మొదట జీతం ఇచ్చేవి చూడాలి. యూరోపియన్ కమిషన్‌లో బ్లూ బుక్ శిక్షణ అయిదు నెలలు, మార్చిలో ఒక జట్టు, అక్టోబర్‌లో ఒక జట్టు, నెలనెలా భృతి ఉంటుంది. డిగ్రీ చేతికి వచ్చాక. యూరోపియన్ పార్లమెంటులో షూమన్ శిక్షణ కూడా అలాంటిదే. వియన్నాలో యూరోపియన్ యూనియన్ వారి ప్రాథమిక హక్కుల సంస్థ శిక్షణకు కూడా భృతి ఇస్తుంది. రోమాల జీవన స్థితి మీద యూరప్ మొత్తంలో పెద్ద సర్వేలు చేసేది వాళ్లే. పది దేశాల్లో చేసిన 2021 సర్వేలో 80 శాతం రోమాలు పేదరికపు అంచున ఉన్నారని తేలింది. అంకెలు ఇష్టమైతే అంతకన్నా మంచి చోటు లేదు.

ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయం జెనీవాలో అల్పసంఖ్యాక వర్గాల యువతకు ఫెలోషిప్పు ఇస్తుంది, 2005 నుంచి. విమాన టికెట్టు, బస ఖర్చు, ఆరోగ్య బీమా వాళ్లవే. కొన్ని వారాలే, కానీ పరిచయాలు దొరుకుతాయి. వార్సాలో ఓఎస్‌సీఈ (యూరప్ భద్రత, సహకార సంస్థ) వారి మానవ హక్కుల కార్యాలయంలో రోమా, సింతీ (జర్మనీ వైపు రోమా శాఖ) విభాగం ఉంది, అక్కడ నికొలాయె గియోర్గె పేరిట రోమా, సింతీ యువత కోసం ఫెలోషిప్పు. ఆయన రొమేనియా రోమా, సమాజ శాస్త్రవేత్త, ఆ విభాగానికి తొలి సలహాదారు.

ఇక విద్యార్థిగా ఉండగానే వెళ్లాలంటే యూరోపియన్ యూనియన్ డబ్బుతో నడిచే ఎరాస్మస్ ప్లస్ పథకం. రెండు నెలల నుంచి పన్నెండు నెలల దాకా విదేశంలో ఇంటర్న్‌షిప్పుకు విశ్వవిద్యాలయమే డబ్బు ఇస్తుంది. వెనుకబడిన కుటుంబం అని నిర్ధారిస్తే నెలకు 250 యూరోలు అదనం. స్వచ్ఛంద సంస్థలో చేయవచ్చు, యూరోపియన్ యూనియన్ కార్యాలయాల్లో మాత్రం ఈ డబ్బుతో చేయడానికి లేదు. బ్రస్సెల్స్‌లోని రోమా రైట్స్ సెంటర్‌కు ఇది సరిగ్గా సరిపోతుంది.

వియన్నా వాసి | 2025 ఫిబ్రవరి 15

బాబాయి గారూ, ఆమె చదివేది మిష్కోల్త్స్. హంగేరీ ప్రభుత్వం చాలా విశ్వవిద్యాలయాలను 2020 నుంచి ట్రస్టుల చేతిలో పెట్టింది, మిష్కోల్త్స్ మొదటి విడతలోనే వెళ్లింది. ఆ ట్రస్టులతో కొత్త ఒప్పందాలు కుదరవని 2022 డిసెంబర్‌లో యూరోపియన్ యూనియన్ నిర్ణయించింది. ఎరాస్మస్ తలుపు అక్కడే మూసుకుంది. ప్రభుత్వాల జగడంలో నలిగేది ఈ పిల్లలే. అదే బుడాపెస్ట్‌లోని ఏల్తె విశ్వవిద్యాలయంలో చదువుతూ ఉంటే ఈ బాధ లేదు.

బ్రస్సెల్స్ బాబాయి | 2025 ఫిబ్రవరి 15

అయితే పన్నోనియా చూడమనండి. ఎరాస్మస్ దెబ్బ తగిలాక హంగేరీ ప్రభుత్వం సొంతంగా పెట్టిన పథకం, 2024లో మొదలైంది. విశ్వవిద్యాలయం విదేశీ సంబంధాల కార్యాలయంలో అడిగితే నియమాలు చెబుతారు. హంగేరీ ప్రభుత్వం మీద కేసులు వేసే సంస్థకు వెళ్తానంటే ఆ ప్రభుత్వ డబ్బు ఇస్తారా అని నన్ను అడగకండి, నాకు నవ్వు వస్తుంది. అడగడంలో తప్పు లేదు.

నిక్కచ్చి | 2025 ఫిబ్రవరి 16

ఒక పనికొచ్చే మాట కూడా చెబుతాను, ఎప్పుడూ గొడవే కాదు. రోమా అయినంత మాత్రాన రోమా హక్కుల సంస్థలోకే ఎందుకు తోస్తున్నారు? ఆ పిల్లకు పన్నుల చట్టం ఇష్టమేమో, అడిగారా ఎవరైనా?

తుంగభద్ర | 2025 ఫిబ్రవరి 16

అడిగాను అండీ, నిజంగానే అడిగాను. "ముందు అన్న కాగితాల సంగతి తేల్చుకుంటాను, తరువాత పన్నుల చట్టం" అంది. నవ్వుతూనే అంది.

ఆమె రాసిన మొదటి ఉత్తరం నాకు పంపింది. తెలుగులోకి క్లుప్తంగా: మొదటి పేరా, మేము చాలా పేదవాళ్లం, మా ఇంట్లో నీళ్ల కుళాయి ఉండేది కాదు. రెండో పేరా, మానవ హక్కులంటే నాకు ప్రాణం. మూడో పేరా, అవకాశం ఇస్తే నా సముదాయానికి సేవ చేస్తాను. ఎక్కడో తేడాగా ఉంది, ఎక్కడో చెప్పలేకపోతున్నాను.

కోర్టు పక్షి | 2025 ఫిబ్రవరి 16

నేను చెబుతాను. ఈ ఉత్తరం ఎవరైనా రాయగలరు. కుళాయి లేని సంగతి ఒక్క వాక్యంలో చాలు, చివర్లో. మొదటి వాక్యంలోనే అన్న ఫైలు ఉండాలి. ఏ సంవత్సరంలో ఏ పరీక్ష పెట్టారు, ఎవరు సంతకం చేశారు, పరీక్ష సమయంలో తల్లి గదిలో ఉందా, మళ్లీ పరీక్ష పెట్టవలసిన గడువు ఉండిందా, పెట్టారా. ఈ అయిదు ప్రశ్నలకు ఆ సంచిలోని కాగితాలు ఏమి చెబుతున్నాయో అర పేజీ. హార్వాత్, కిష్ తీర్పులో కోర్టు తప్పుపట్టినదానితో పోలిక ఇంకో అర పేజీ. అంతే. ఆ ఉత్తరం చదివిన వకీలు ఆమెను వదలడు. నేనైతే వదలను.

అన్న అనుమతి తీసుకోమనండి, పేరు రాయవద్దనండి.

వియన్నా వాసి | 2025 ఫిబ్రవరి 17

పక్షి గారి మాటకు ఒక ఉదాహరణ. 2001లో హంగేరీలో ఒక రోమా స్త్రీకి సిజేరియన్‌తో పాటే, ఆమెకు అర్థమయ్యేలా చెప్పకుండానే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు. సంతకం పెట్టించిన కాగితం డాక్టరు చేతిరాతలో ఉంది, ఆపరేషన్ పేరు లాటిన్‌లో ఉంది. కేసు ఐక్యరాజ్య సమితి మహిళా వివక్ష నిర్మూలన కమిటీ దాకా వెళ్లి 2006లో ఆమె గెలిచింది. గెలిపించిన అంశాల్లో ఒకటి ఆసుపత్రి రికార్డులోనే ఉంది: అంబులెన్సు వచ్చిన క్షణం నుంచి రెండు ఆపరేషన్లూ పూర్తయ్యేదాకా 17 నిమిషాలు. ఆ 17 నిమిషాల్లో ఎవరు ఎవరికి ఏమి వివరించి ఉంటారు? వేళలు చూసి కూడికలు తీసివేతలు చేసినవాళ్లు హంగేరియన్ చేతిరాత చదవగలిగినవాళ్లు. ఆ అమ్మాయి తన ఇంగ్లిష్ గురించి సిగ్గుపడుతోంది అన్నారు. జెనీవాలో, స్ట్రాస్‌బర్గ్‌లో ఇంగ్లిష్ వచ్చినవాళ్లకు కొదవ లేదు. బోర్షోద్ ఆసుపత్రి కాగితం, బోర్షోద్ బడి కాగితం చదివి అందులో దాగినది పట్టుకోగలిగినవాళ్లకే కొదవ.

మెట్టవలస మాస్టారు | 2025 ఫిబ్రవరి 17

అమ్మా, ఇంత పెద్ద న్యాయస్థానాలు తీర్పులిచ్చాక ఆ బడులు మారాయా?

కోర్టు పక్షి | 2025 ఫిబ్రవరి 17

చెక్ దేశంలో బడుల పేరు మార్చారు మాస్టారూ, "ప్రత్యేక" తీసేసి "ప్రాక్టికల్" అన్నారు. తీర్పు అమలు మీద పర్యవేక్షణ ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. హంగేరీలో ద్యోంద్యోష్‌పాతా అనే ఊరి బడిలో రోమా పిల్లలను వేరే తరగతుల్లో కూర్చోబెట్టినందుకు 2020 మే నెలలో అక్కడి సుప్రీంకోర్టు సుమారు 10 కోట్ల ఫోరింట్ల పరిహారం వేసింది, 60 మందికి. ప్రధానమంత్రే బాహాటంగా ఆ తీర్పు మీద విరుచుకుపడ్డారు. డబ్బు మాత్రం కట్టక తప్పలేదు.

తుంగభద్ర | 2025 ఫిబ్రవరి 20

ఉత్తరం తిరగరాసింది. అన్న ఒప్పుకున్నాడు. కాగితాల్లో ఒక విషయం బయటపడింది: రెండేళ్లకు మళ్లీ పరీక్ష పెట్టాలని మొదటి నివేదికలోనే రాసి ఉంది, రెండో నివేదిక ఆ సంచిలో లేదు. పోయిందా, అసలు పెట్టలేదా? బడికి రాసి అడుగుతానంటోంది. బుడాపెస్ట్‌లో రెండు సంస్థలకు, బ్రస్సెల్స్‌కు ఒకటి పంపాలని అనుకుంటున్నాం. గడి సంగతి తల్లీకూతుళ్లు ఇంకా తేల్చుకోలేదు. అది నేను వదిలేశాను. బస మా ఇంట్లోనే, ఒక గది ఖాళీగా ఉంది. జులై, ఆగస్టు అని రాయమంటారా?

వియన్నా వాసి | 2025 ఫిబ్రవరి 20

జులై, ఆగస్టు వద్దు. హంగేరీ కోర్టులకు జులై 15 నుంచి ఆగస్టు 20 దాకా సెలవులు, వకీళ్లు కూడా ఊళ్లకు వెళ్తారు. ఖాళీ ఆఫీసులో కూర్చోబెడతారు. పరీక్షలు అయిన మరునాటి నుంచి జులై సగం దాకా ఒక విడత, ఆగస్టు 21 నుంచి సెమిస్టర్ మొదలయ్యేదాకా రెండో విడత అని రాయమనండి. మధ్యలో నెల రోజులు గోదాము పనికి వెళ్లవచ్చు. బడికి రాసే ఉత్తరం మాత్రం రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోమనండి.